చేను పోయాక మంచె

కొలరాడో రాష్ట్రంలో డెన్వర్‌కూ బౌల్డర్‌కూ నడుమ బ్రూమ్‌ఫీల్డ్ అని ఒక ఊరు. పడమటి దిక్కున రాకీ కొండలు. డేటాను దాచే యంత్రాల వృత్తి ఆ చుట్టుపక్కలే వేళ్లూనుకుంది. బౌల్డర్‌లో ఐబీఎం, లూయీవిల్‌లో టేపు యంత్రాల స్టోరేజ్‌టెక్, వాటికి కూతవేటు దూరంలో బ్రూమ్‌ఫీల్డ్‌లో మెక్‌డేటా. 1982లో జాక్ మెక్‌డొనెల్ మొదలుపెట్టిన ఈ సంస్థ పాతికేళ్లు నిండకుండానే కనుమరుగైంది. స్టోరేజ్ పనిలో తలలు నెరిసినవాళ్లు తప్ప ఇవాళ ఆ పేరు ఎవరూ తలుచుకోరు. అది నాకు బాధగా ఉంటుంది. నిల్వ నెట్‌వర్కును కట్టడం ఎంత పనో, రాత్రింబవళ్లు దాన్ని కనిపెట్టుకుని ఉండడమూ అంతే పని అని మొదటినుంచీ నమ్మి, ఆ నమ్మకాన్ని యంత్రంతోబాటే బీరువాలో పెట్టి అమ్మిన సంస్థ అది.

పెద్ద బ్యాంకులో మన ఖాతా లెక్క సర్వర్ పొట్టలో ఉండదు. వేరే వరుసలో నిలబెట్టిన డిస్కుల బీరువాల్లో ఉంటుంది. సర్వర్లకూ ఆ బీరువాలకూ మధ్య వందల కొద్దీ గాజుతీగలు. ఆ తీగలన్నీ వచ్చి కలిసే చోటు స్టోరేజ్ స్విచ్చి. అలాంటి స్విచ్చిల్లో పెద్దదీ, లోపల ప్రతి కీలక భాగమూ రెండేసి ఉండేదీ డైరెక్టర్. స్విచ్చిలూ డైరెక్టర్లూ కలిసి అల్లుకున్న వలకు ఫాబ్రిక్ అని పేరు.

ఈ వల నడిచే ఫైబర్ ఛానల్ పద్ధతిలో ఒక కట్టుబాటుంది. అవతలి కొస 'పంపు' అని అనుమతి ఇస్తేగాని ఇవతలి కొస ఒక్క ఫ్రేమ్, అంటే ఒక్క డేటా ముక్క కూడా పంపదు. ఆ అనుమతులను బఫర్ క్రెడిట్లు అంటారు. వాటివల్లనే, దారిలో చోటు చాలక డేటాను పారబోసే అవస్థ ఇందులో రాదు. ఆ సుగుణంలోనే ప్రమాదమూ ఉంది. ఎక్కడో ఒక సర్వర్ మందగించి అనుమతులు ఆలస్యం చేసిందనుకోండి, దాని వెనక బారులో ఉన్నవన్నీ ఆగిపోతాయి. అదే దారి పంచుకునే పక్క సర్వర్లు, ఏ పాపమూ ఎరగనివి, అవీ ఆగుతాయి. ఇంత జరుగుతున్నా పోర్టు దీపం పచ్చగానే వెలుగుతుంటుంది. యంత్రం ముందు నిలబడి కళ్లప్పగించి చూసినా ఏమీ అంతుపట్టదు.

జొన్నచేనుకు మంచె ఎంత అవసరమో ఇలాంటి వలకు కావలి సాఫ్ట్‌వేర్ అంత అవసరం. అది ప్రతి పోర్టు దగ్గరా లెక్కలు పోగుచేస్తుంది. సీఆర్‌సీ తప్పులు, అంటే దారిలో చెడిన ఫ్రేములు, పెరుగుతుంటే తీగ కొస మురికి పట్టి ఉండవచ్చు, లేదా కాంతిని పంపే ఎస్‌ఎఫ్‌పీ వయసు మళ్లి ఉండవచ్చు. సింక్ పోతూ వస్తూ ఉంటే కనెక్టర్ వదులై ఉండవచ్చు. క్రెడిట్లు సున్నా దగ్గర నిలిచిపోయే సమయం పెరిగితే ఎక్కడో ఎవరో నెమ్మదించారన్నమాట. ఒక్క అంకెను విడిగా చూస్తే ఏమీ చెప్పదు. నిన్నటి అంకె పక్కన, ఆ తీగ రెండో కొసన ఉన్న పోర్టు అంకె పక్కన పెట్టి చూస్తేనే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది. రెండు స్విచ్చిలను కలిపే లింకులు బ్యాకప్ నడిచే వేళ ఎంతవరకు నిండుతున్నాయో రోజూ చూసే మనిషికి, వచ్చే నెల ఏం కొంప మునగబోతోందో ముందే తెలుస్తుంది.

మెక్‌డేటా డైరెక్టర్‌ను బీరువాతో సహా కొన్నవాళ్లకు, అందులోనే సొరుగులా బయటికి లాగే అరలో ఒక నోట్‌బుక్ కంప్యూటర్ వచ్చేది. ఈఎఫ్‌సీ సర్వర్ అనేవారు. అందులో నడిచే ఈఎఫ్‌సీ మేనేజర్ ఒక్కచోటు నుంచే 48 యంత్రాల దాకా చూసుకునేది. ఏదైనా భాగం పాడైతే మోడెమ్ ద్వారా తానే ఫోన్ చేసి సర్వీసువాళ్లకు కబురు పెట్టేది. ఆకృతీకరణ వివరాలన్నీ జిప్ డిస్కులో భద్రపరిచేది. తెర తెరిస్తే ప్రతి డైరెక్టర్ పక్కనా ఒక గుర్తు. అంతా బాగుంటే ఆకుపచ్చ వృత్తం. జంటభాగాల్లో ఒకటి పోయి రెండోదానిమీద బండి నడుస్తుంటే పసుపు త్రికోణం. ప్రమాదం ముంచుకొస్తే ఎర్ర వజ్రం. యంత్రం నుంచి జవాబే రాకపోతే బూడిదరంగు చతురస్రం. గుర్తు మీద నొక్కితే డైరెక్టర్ ముఖమూ వీపూ బొమ్మగా వచ్చి, చెడిన ఫ్యాను ఏదో, చెడిన కార్డు ఏదో చూపేది. డేటా సెంటర్‌లో అర్ధరాత్రి నిద్రమత్తులో ఉన్న మనిషికి సైతం పొరపాటు పడే వీలు లేకుండా రంగుతోబాటు ఆకారాన్ని కూడా మార్చిన ఆ శ్రద్ధ చూస్తే, చేసినవాళ్లు కావలి కాసే మనిషిని ఎరిగి చేశారని అర్థమవుతుంది.

ఆ శ్రద్ధ ఊరికే అబ్బలేదు. మెయిన్‌ఫ్రేమ్ లోకంలో పుట్టి పెరిగిన సంస్థ అది. మొదట ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లకు టెర్మినళ్లను కలిపే పెట్టెలు చేసింది. తర్వాత మెయిన్‌ఫ్రేమ్‌కూ డిస్కులకూ మధ్య ఉండే ఎస్కాన్ డైరెక్టర్లు చేసి ఐబీఎంకే అందించింది. 99.999 శాతం నిలకడ, అంటే ఏడాది మొత్తంలో సుమారు అయిదు నిమిషాలకు మించి ఆగకపోవడం, అక్కడ మామూలు కోరిక. ఆ పట్టుదలతోనే ఫైబర్ ఛానల్‌లోకి దిగి 32 పోర్టుల ఈడీ-5000 తెచ్చింది. తర్వాత 64 పోర్టుల ఇంట్రెపిడ్ 6064, ఆపైన 140 పోర్టుల 6140. బ్యాంకులూ బీమా సంస్థలూ వాటిని కళ్లుమూసుకుని కొన్నాయి. 2000 ఆగస్టులో ఒక్కొక్కటి 28 డాలర్లకు షేర్లు బజారుకొస్తే మొదటిరోజే ధర రెండింతలు దాటింది.

ఆ వెలుగులోనే చీకటీ ఉంది. 1995లో మెక్‌డేటాను కొన్నది డిస్కుల దిగ్గజం ఈఎంసీ. తన వాటాను 2001 ఫిబ్రవరిలో షేర్‌హోల్డర్లకు పంచిపెట్టి విడిచిపెట్టింది గాని, మెక్‌డేటా మాత్రం ఈఎంసీని విడిచి బతకలేకపోయింది. సరుకులో సింహభాగం ఈఎంసీ ద్వారానే అమ్ముడుపోయేది, అదీ కనెక్ట్రిక్స్ అనే ఈఎంసీ పేరుమీద. ఐబీఎం అమ్మితే ఐబీఎం నంబరుతో పోయేది. చివరికి కావలి సాఫ్ట్‌వేర్ కూడా ఈఎంసీ ఇంట కనెక్ట్రిక్స్ మేనేజర్ అయింది. ఎన్నో డేటా సెంటర్లలో ఏళ్ల తరబడి ఆ తెర ముందు కూర్చున్నవాళ్లకు దాన్ని చేసినవాళ్లు బ్రూమ్‌ఫీల్డ్‌లో ఉన్నారని తెలియదు. కొనేవాడికి తన పేరు తెలియని పనివాడికి కష్టకాలంలో దిక్కెవరు?

కష్టకాలం 2002లో వచ్చింది. ఒక పక్క, చిన్న స్విచ్చిల్లో రాజ్యమేలుతున్న బ్రొకేడ్ 128 పోర్టుల సిల్క్‌వార్మ్ 12000తో డైరెక్టర్ల బజారులో అడుగుపెట్టింది. ఇంకో పక్క సిస్కో ఎండీఎస్ 9000తో దిగింది. ఒకే యంత్రాన్ని విడివిడి వలలుగా పంచే వీశాన్ పద్ధతి దాని చేతిలో కొత్త ఆయుధం. మెక్‌డేటా దగ్గర వాటికి దీటైన కొత్త తరం డైరెక్టర్ తయారుగా లేదు. నా దృష్టిలో ఆ సంస్థ ఓటమి అక్కడ నిశ్చయమైంది. తర్వాత జరిగినదంతా పోయిన కాలాన్ని డబ్బుతో తిరిగి కొనాలన్న ప్రయత్నం.

2003లో సనేరాను, నిషాన్ సిస్టమ్స్‌ను ఒకేసారి కొంది. రెండింటికీ కలిపి 180 మిలియన్ డాలర్ల పైచిలుకు. సనేరా దగ్గర 256 పోర్టుల డైరెక్టర్ ఉంది. అదే ఇంట్రెపిడ్ 10000. నిషాన్ దగ్గర ఐపీ నెట్‌వర్కు మీద స్టోరేజ్‌ను దూరాలకు పంపే పెట్టెలున్నాయి. 2005లో మినెసోటాకు చెందిన సీఎన్‌టీని కలుపుకుంది. సీఎన్‌టీ అప్పటికే ఇన్‌రేంజ్‌ను మింగి ఉంది, ఆ ఇన్‌రేంజ్ డైరెక్టర్లు వేరు. ఇలా ఒక ఇంట్లోకి నాలుగైదు జాతుల యంత్రాలు వచ్చి చేరాయి. ఒకదాని లోపలి సాఫ్ట్‌వేర్ ఇంకొకదానికి పొసగదు. అన్నింటినీ ఒక్క తెరమీదికి తెచ్చే భారం కావలి సాఫ్ట్‌వేర్ నెత్తిన పడింది. 2001లో కొన్న శానావిగేటర్ ఆ పనికి సాయపడింది. వల మొత్తాన్ని తానే వెతికి పటం గీయగలిగిన సాఫ్ట్‌వేర్ అది. దాని ఒరవడిలోనే కొత్త ఈఎఫ్‌సీ మేనేజర్, పొట్టిగా ఈఎఫ్‌సీఎం, తయారైంది. ఎడమన యంత్రాల జాబితా, మధ్య పటం, కింద మాస్టర్ లాగ్. పటంలో గీతలు ఎంత రద్దీగా ఉంటే అంత రంగు మారేవి. చూడ్డానికి ఒకే కుటుంబం. కానీ పటం మీద కలిసినంత మాత్రాన ఇంజినీర్ల బృందాలు కలవవు, ఖర్చులు కలవవు. ఫాబ్రిక్‌లో ఏ మూల క్రెడిట్ అడుగంటినా పసిగట్టే తెర ఆ ఇంట్లోనే ఉంది. ఆ ఇంటి ఖజానాకు మాత్రం అలాంటి తెర లేకపోయింది.

2006 ఆగస్టులో బ్రొకేడ్ ప్రకటన వచ్చింది. ఒక్కో మెక్‌డేటా షేరుకు ముప్పావు వంతు బ్రొకేడ్ షేరు. ఆనాటి ధరల్లో 4 డాలర్ల 61 సెంట్లు. మొత్తం 713 మిలియన్ డాలర్లు. 28 డాలర్లకు బజారుకొచ్చిన షేరు అది. 2007 జనవరి 29న లావాదేవీ ముగిసింది. యంత్రాలకు బ్రొకేడ్ కొత్త పేర్లు పెట్టింది: ఎం6140, ఎంఐ10కే. ముందు చేర్చిన ఆ 'ఎం' ఒక్కటే పాత ఇంటి ఆనవాలు.

ఇంటి వాడుకలు అంత తేలిగ్గా పోలేదు. మెక్‌డేటా డైరెక్టర్‌లో మొదటి పోర్టు చిరునామా సున్నాతో కాక నాలుగుతో మొదలయ్యేది. బ్రొకేడ్ స్విచ్చి దానితో కలిసి బతకాలంటే తన లెక్క మార్చుకుని మెక్‌డేటా ఫాబ్రిక్ మోడ్ అనే ప్రత్యేక స్థితిలోకి వెళ్లాల్సి వచ్చేది. ఓడినవాడి మర్యాదలను గెలిచినవాడు కొంతకాలం పాటించాడన్నమాట. బ్రొకేడ్ స్విచ్చిలను నడిపే ఫాబ్రిక్ ఓఎస్ 7.0తో ఆ మర్యాద కూడా ముగిసింది.

ఆ సంధికాలపు శ్రమలో మనవాళ్ల చెమట కూడా ఉంది. అమెరికా బ్యాంకుల స్టోరేజ్‌ను హైదరాబాద్, బెంగళూరుల నుంచి రాత్రి షిఫ్టుల్లో చూసుకున్న తెలుగు ఇంజినీర్లు ఎందరో. ఏ సర్వర్ ఏ డిస్కును చూడవచ్చో చెప్పే జోనింగ్‌ను పాత డైరెక్టర్ నుంచి కొత్తదానికి ఎక్కించడం, ఒక్కో సర్వర్ తీగను మార్పించడం, పాత పోర్టులో రాకపోకలు ఆగిపోయాయని గ్రాఫ్‌లో నిర్ధారించుకోవడం, అప్పుడు అక్కడి సాంకేతికుడికి ఫోన్‌లో 'ఆపేయండి' అని చెప్పడం. ఆకుపచ్చ వృత్తం బూడిదరంగు చతురస్రంగా మారేది. ఎన్నో ఏళ్లు ఒక్కసారి కూడా ఆగని యంత్రం అలా ఆగేది. పాత యంత్రం ఖాళీ అయిందా లేదా అని ఆఖరి సాక్ష్యం చెప్పింది దాన్ని అన్నాళ్లూ కాసిన సాఫ్ట్‌వేరే.

ఆ సాఫ్ట్‌వేర్ మాత్రం చావలేదు. బ్రొకేడ్‌కు సొంత ఫాబ్రిక్ మేనేజర్ ఉండేది. అయినా 2008లో బ్రొకేడ్ తెచ్చిన కొత్త కావలి సాఫ్ట్‌వేర్ డీసీఎఫ్‌ఎంను తెరిచి చూసినవాళ్లకు కనిపించింది ఈఎఫ్‌సీఎం ముఖమే. అదే జాబితా, అదే పటం, అదే మాస్టర్ లాగ్. 2010లో అది బ్రొకేడ్ నెట్‌వర్క్ అడ్వైజర్‌గా పేరు మార్చుకుని మరో దశాబ్దం దాకా కావలి కాసింది. మెక్‌డేటా డైరెక్టర్లు పాతసామాను కింద వెళ్లిపోయాక కూడా వాటిని కాసిన తెర, వాటిని ఓడించిన యంత్రాలను కాస్తూ బతికింది. 2019లో బ్రౌజర్‌లో నడిచే శాన్‌నావ్ వచ్చాకే ఆ పాత తెర పక్కకు తప్పుకుంది.

గెలిచినవాడూ నిలవలేదు. 2016 నవంబరులో బ్రాడ్‌కామ్ 5.5 బిలియన్ డాలర్లకు బ్రొకేడ్‌ను కొంటున్నట్టు ప్రకటించి, 2017 నవంబరులో చేతికి తీసుకుంది. కార్యాలయాల నెట్‌వర్కు స్విచ్చిలనూ వైఫై వ్యాపారాన్నీ ఆరిస్‌కు, డేటా సెంటర్ ఐపీ నెట్‌వర్కు భాగాన్ని ఎక్స్‌ట్రీమ్‌కు అమ్మేసింది. తనకోసం ఉంచుకున్నది ఫైబర్ ఛానల్‌నే: బ్యాంకుల్లో ఏళ్ల తరబడి ఆగకుండా నడిచే డైరెక్టర్లను, వాటిని కాసే సాఫ్ట్‌వేర్‌ను. మెక్‌డేటా చేతిలో నిలవని ఆ వృత్తి కోసమే పదేళ్ల తర్వాత ఇంకొకరు బిలియన్లు పోశారు.