పాలారు, తోలు, పేటెంటు: మన జిల్లా నూట నలభై ఏళ్ల కథ



ఈ మధ్య మన ఇళ్లలో 'పేటెంటు' అనే మాట తరచుగా వినిపిస్తోంది. ఇంజనీరింగు చదివే పిల్లలు ప్రాజెక్టు చేస్తే చాలు, పేటెంటుకు పెట్టామంటున్నారు. 2021 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు పేటెంటు ఫీజును 80 శాతం తగ్గించింది. కాలేజీల ర్యాంకుల లెక్కలో పేటెంట్లకూ మార్కులున్నాయి. సంతోషమే. కానీ యూనివర్సిటీలో, ల్యాబులో పుట్టిన ఒక కొత్త పద్ధతి ఊరి దాకా వస్తే ఏమవుతుందో, రాకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. వేలూరు, గుడియాత్తం, పేర్ణాంబట్టు, ఆంబూరు, రాణిపేటల చరిత్ర చాలు. అది తోలు చరిత్ర.

ముందు పేటెంటు అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకుందాం. కొత్తదీ పనికొచ్చేదీ అయిన వస్తువునో పద్ధతినో కనిపెట్టినవారికి ప్రభుత్వం ఇచ్చే హక్కు అది. మన దేశంలో 20 ఏళ్లు. ఆ గడువులో వాళ్ల అనుమతి లేకుండా ఇంకొకరు దాన్ని వ్యాపారానికి వాడకూడదు. బదులుగా వాళ్లు రహస్యం దాచకుండా పద్ధతంతా రాసి ఇవ్వాలి. గడువు తీరాక అది అందరిదీ. ఇంకో సంగతి, ఏ దేశం ఇచ్చిన పేటెంటు ఆ దేశంలోనే చెల్లుతుంది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి.

మన ప్రాంతంలో తోలు పదును చేయడానికి పూర్వం వాడింది తంగేడు చెక్క, కరక్కాయ. తమిళంలో ఆవారం అంటారే, ఆ తంగేడే. పండక్కి పూలు కోసుకునే ఆ చెట్టు బెరడులోని వగరే పచ్చి తోలును కుళ్లకుండా కాపాడేది. పని వారాల తరబడి సాగేది. ఇలా పదును చేసిన మద్రాసు తోళ్లకు లండను మార్కెట్లో మంచి పేరుండేది.

ఆ వ్యాపారాన్ని కుదిపేసిన పద్ధతి పుట్టింది యూరపులో, అమెరికాలో. 1858లో ఫ్రీడ్రిక్ క్నాప్ అనే జర్మన్ ప్రొఫెసరు, క్రోమియం లవణాలతో కూడా తోలు పదునవుతుందని రాశాడు. ఆ మాట పుస్తకంలోనే ఉండిపోయింది. పాతికేళ్ల తర్వాత న్యూయార్కులో రంగుల రసాయనాలు తెలిసిన ఆగస్టస్ షుల్జ్ దాన్ని పనికొచ్చే పద్ధతిగా మార్చి 1884లో పేటెంటు తీసుకున్నాడు. ఆడవాళ్ల కార్సెట్లలో ఉక్కు రేకులకు చుట్టే తోలు వల్ల రేకులు తుప్పు పట్టేవనీ, దానికి మందు వెతుకుతూ ఇక్కడికి చేరాడనీ చెబుతారు. షుల్జ్ పద్ధతిలో తోలును రెండు తొట్లలో ముంచాలి. 1893లో మార్టిన్ డెన్నిస్ ఒక్క తొట్టితో అయ్యే పద్ధతికి పేటెంటు పొందాడు. వారాల పని గంటల్లోకి వచ్చేసింది.

దాని దెబ్బ మద్రాసు రాజధానికి తగిలింది. ఫిలడెల్ఫియా కర్మాగారాలకు మన మేకతోళ్లు కావాలి, అయితే పదును చేసినవి వద్దు, పచ్చివే కావాలి. తోలు ఓడెక్కిపోతోంది, ఇక్కడి పని ఆగిపోతోంది. అప్పుడు ముందుకొచ్చినవాడు ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్, మద్రాసు ఇంజనీరింగు కాలేజీ ప్రొఫెసరు. 1903 ప్రాంతంలో ఆయన ప్రభుత్వం తరఫున క్రోమ్ తోలు ప్రయోగాలు మొదలుపెట్టాడు. అమెరికా పేటెంటు ఇక్కడ అడ్డు కాదు కదా. ఆ తోలుతో మొదట ఏం చేశారో తెలుసా? చెప్పులతో పాటు, బావి నుంచి ఎద్దులతో నీళ్లు తోడే కపిలకు తోలు సామాను. ఎప్పుడూ నీళ్లలో నానే తోలు కాబట్టి చెక్కతో పదును చేసినదానికన్నా క్రోమ్ తోలు ఎక్కువ కాలం ఆగేది. ఒక ప్రొఫెసరు చేసిన ప్రయోగం నేరుగా రైతు బావి దగ్గరికి చేరింది.

అయితే ప్రభుత్వమే పరిశ్రమలు నడపడం ఇంగ్లీషు వ్యాపారులకు నచ్చలేదు. 1910లో లండను నుంచి మంత్రి మోర్లే ఆ పని వద్దన్నాడు. ఆ క్రోమ్ టానరీ రేవా మహారాజుకు అమ్ముడైపోయింది. ఆ తర్వాత మద్రాసు శివార్లలో ఛాంబర్స్ అనే ఆయన పెట్టిన క్రోమ్ లెదర్ కంపెనీ పేరుతోనే నేటి క్రోంపేట వెలిసింది. రైలెక్కి ఆ స్టేషను దాటే మనలో ఎంతమందికి ఆ పేరు వెనుక తోలుందని తెలుసు?

స్వాతంత్ర్యం వచ్చాక 1948 ఏప్రిల్ 24న మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థకు పునాది వేశారు. మనం సీఎల్ఆర్ఐ అంటాం. అది యూనివర్సిటీని ఆనుకుని ఉండటం చాలా మంచిదైంది. తోలు టెక్నాలజీ చదివే ఏసీ కాలేజీ విద్యార్థులు అక్కడే పని నేర్చేవారు. ఆ పక్కనే గిండీలో మద్రాసు యూనివర్సిటీ భౌతికశాస్త్ర విభాగానికి అధిపతి జి.ఎన్. రామచంద్రన్. తోలులో ఉండే ముఖ్యమైన ప్రొటీను కొల్లాజెన్. దాని రూపం ఏమిటో ప్రపంచంలో ఎవరికీ సరిగ్గా తెలియని రోజుల్లో, సీఎల్ఆర్ఐ నుంచి నమూనాలు తెచ్చుకుని, గోపీనాథ్ కర్తాతో కలిసి ఆయన లెక్క తేల్చాడు. మూడు పాయల జడలాగా మూడు గొలుసులు అల్లుకుని ఉంటాయని 1954లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. క్రోమియం చేసే పని ఈ జడల మధ్య కుట్లు వేయడమే. ఆ కుట్ల వల్లే తోలు కుళ్లదు, వేడికి ముడుచుకోదు. దీనికి పేటెంటు లేదు. ప్రకృతిలో ఉన్నదాన్ని కనుక్కుంటే పేటెంటు ఇవ్వరు. అయినా ఈ రోజు తోలు మీద పనిచేసే ఏ శాస్త్రవేత్తా ఆ మూడు పాయల జడను తలవకుండా ముందుకు పోలేడు.

ఇక మనం గర్వంగా చెప్పుకోవాల్సిన పేరు యలవర్తి నాయుడమ్మ. 1922లో తెనాలి దగ్గర యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలో లీహై యూనివర్సిటీలో డాక్టరేటు చేశారు. తోలు పని అంటే ముక్కు మూసుకునే సమాజంలో ఆయన తోలునే ఎంచుకున్నారు. 1958లో సీఎల్ఆర్ఐ డైరెక్టరయ్యారు, 1971లో సీఎస్ఐఆర్ పరిశోధనశాలలన్నిటికీ పెద్ద అయ్యారు. పరిశోధన, చదువు, పరిశ్రమ మూడూ ఒకే కప్పు కింద ఉండాలన్నది ఆయన పట్టు. 1985 జూన్ 23న కనిష్క విమాన ప్రమాదంలో ఆయన్ను పోగొట్టుకున్నాం.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. తమిళనాడులో ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు తరతరాలుగా చెప్పులు కుట్టారు, కపిలకు తోలు కుట్టారు. ఏ ల్యాబూ పుట్టకముందు తోలు గుణం చేతివేళ్లతో తెలిసినవాళ్లు వాళ్లు. పేటెంటు పుస్తకాల్లో వాళ్ల పేర్లు ఉండవు. కానీ వాళ్ల చరిత్ర కూడా తమిళనాడు తెలుగువాళ్ల చరిత్రే.

1970లలో మన జిల్లా ముఖం మారిపోయింది. సగం పదును చేసిన తోళ్లు అమ్ముకుంటే లాభం బయటి దేశాలకే పోతోంది, పూర్తిగా తయారైన తోలు, చెప్పులు, బూట్లు ఎగుమతి చేయాలని సీతారామయ్య కమిటీ సిఫార్సు చేసింది. ప్రభుత్వం ఆ దారే పట్టింది. వాణియంబాడి, ఆంబూరు, పేర్ణాంబట్టు, మేల్విషారం, రాణిపేటల్లో టానరీలు పెరిగాయి. బూట్ల ఫ్యాక్టరీల్లో వేలమంది ఆడవాళ్లకు జీతం వచ్చింది. ఎన్నో ఇళ్లలో పిల్లల చదువులు ఆ జీతంతోనే సాగాయి. ఇది కాదనలేం.

కానీ క్రోమ్ పద్ధతిలో ఒక లోటు ఉంది. డ్రమ్ములో వేసిన క్రోమియం అంతా తోలుకు పట్టదు. మూడో వంతు దాకా నీళ్లలోనే మిగిలిపోతుంది. దానికి తోడు ఉప్పు, సున్నం, సల్ఫైడు. షుల్జ్ పేటెంటులో తోలు ఎలా పదునవుతుందో ఉంది, మిగిలిన నీళ్లు ఎక్కడికి పోవాలో ఎవరూ అడగలేదు. మన దగ్గర ఆ నీళ్లు పాలారుకు పోయాయి. కర్ణాటకలో పుట్టి, ఆంధ్రలో కుప్పం మీదుగా 33 కిలోమీటర్లు నడిచి, తమిళనాడులో 222 కిలోమీటర్లు పారే నది అది. పలమనేరు వైపు నుంచి వచ్చి గుడియాత్తం గుండా పోయే మన కౌండిన్య కూడా దానిలోనే కలుస్తుంది.

1991లో వేలూరు పౌరుల సంక్షేమ వేదిక సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 ఆగస్టు 28న జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. కిలో తోలుకు దాదాపు 35 లీటర్ల నీళ్లు, 170 రకాల రసాయనాలు వాడుతున్నారనీ, టానరీల ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగు భూమి పూర్తిగానో కొంతగానో పాడైందనీ ఆ తీర్పులోనే ఉంది. పాడుచేసినవాడే ఖర్చు భరించాలి, ముందుజాగ్రత్త తప్పనిసరి అన్న రెండు సూత్రాలు మన దేశ చట్టంలో భాగమని కోర్టు చెప్పింది. ఈ రోజు ఏ లా కాలేజీకి వెళ్లినా 'వేలూరు కేసు' అని చదువుతారు. మన ఊరి పేరు దేశమంతా ఇలా తెలిసింది.

మరి ల్యాబులో మందు లేకనా ఇదంతా? కాదు. మిగిలిన క్రోమ్ నీళ్లలో మెగ్నీషియం ఆక్సైడు కలిపితే క్రోమియం అడుగుకు దిగుతుంది, దాన్ని గంధకామ్లంలో కరిగిస్తే మళ్లీ వాడుకోవచ్చు. ఈ పద్ధతి తెలిసినదే, దీన్ని సీఎల్ఆర్ఐ మన టానరీలకు అనువుగా చేసి చూపించింది. డబ్బు ఆదా అవుతుంది కూడా. అయినా ఎక్కువ షెడ్లు దాని వైపు చూసింది కోర్టు తాళం వేస్తానన్నాకే. ఆ తర్వాత అక్కడే రామసామి, నాయర్, రాఘవరావు, తనికైవేలన్ వంటి శాస్త్రవేత్తలు సున్నం, సల్ఫైడు బదులు ఎంజైములతో వెంట్రుకలు తీసే పద్ధతుల మీద, దాదాపు పదిహేను మెట్ల పనిని మూడు మెట్లకు కుదించడం మీద పనిచేశారు. నీళ్లు లేకుండా క్రోమ్ పదును చేసే పద్ధతీ వచ్చింది. దానితో క్రోమియం వాడకం 15 నుంచి 20 శాతం తగ్గుతుందనీ, దేశంలో 50 వరకు టానరీలు చేరాయనీ 2017లో ప్రకటించారు.

అంటే తెలివికి లోటు లేదు. లోటు ల్యాబుకీ షెడ్డుకీ మధ్య ఉంది. చిన్న టానరీ యజమానికి కొత్త డ్రమ్ము కొనే డబ్బుండదు. ఒక్క బ్యాచి పాడైతే ఆ నెలంతా నష్టం. కొన్నవాడు బయటి దేశంలో కూర్చుని రంగు ఒక్క వన్నె తేడా వచ్చినా సరుకు వెనక్కి పంపుతాడు. ఇవేవీ పేటెంటు కాగితంలో ఉండవు, కానీ ఇవి తీరకుండా ఆ కాగితం నదికి ఉపయోగపడదు.

ఆలస్యానికి మనం ఇచ్చిన ధర చిన్నది కాదు. రాణిపేటలో మూతపడిన క్రోమియం రసాయనాల ఫ్యాక్టరీ లక్షన్నర టన్నులకు పైగా విషపు వ్యర్థాన్ని వదిలిపోయింది. అందులోది తోలులో వాడే రకం కాదు, అంతకన్నా చాలా ప్రమాదకరమైన ఆరో రకం క్రోమియం. 2015 జనవరి 31న రాణిపేట సిడ్కోలో టానరీ నీళ్లు శుద్ధి చేసే చోట బురద తొట్టి గోడ కూలి 10 మంది కార్మికులు నిద్రలోనే చనిపోయారు. 2025 జనవరి 30న సుప్రీంకోర్టు మళ్లీ ఇదే పాలారు మీద తీర్పు చెప్పి, నష్టపోయినవాళ్లందరికీ పరిహారం చెల్లించాలనీ, పర్యవేక్షణకు కమిటీ వేయాలనీ ఆదేశించింది. 1996 నుంచి 2025 అంటే ఒక తరం.

అందుకే మన పిల్లలు పేటెంటుకు దరఖాస్తు పెట్టామని చెప్పినప్పుడు మెచ్చుకుందాం, స్వీట్లు పంచుకుందాం. దానితో పాటు మూడు ప్రశ్నలు కూడా అడుగుదాం. ఇది ఎవరి చేతికి వెళ్తుంది? వాళ్లు దీన్ని కొనగలరా? పని అయ్యాక మిగిలేది ఎక్కడికి పోతుంది? మూడో ప్రశ్నను 1884లో ఎవరూ వేయలేదు, దాని జవాబు మన బావుల్లో తేలింది. ఛాటర్టన్ మొదట రైతు బావి వైపు చూశాడు, నాయుడమ్మ ల్యాబు తలుపు పరిశ్రమకు తెరిచి పెట్టారు. కాట్పాడిలోనో చెన్నైలోనో చదివే మన పిల్లలకు పేర్ణాంబట్టు షెడ్డు దూరం కాదు. ప్రాజెక్టు మొదలుపెట్టేముందు ఒక పూట అక్కడికి వెళ్లి, డ్రమ్ము దగ్గర నిలబడే మనిషితో మాట్లాడమని చెప్పండి.

తంగేడు చెక్కతో తోలు పదును చేసిన కాలం గుర్తున్న పెద్దలు మన సభ్యుల ఇళ్లలో ఉంటే, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి మాకు పంపండి. పేర్ణాంబట్టు, గుడియాత్తం వైపు నుంచి వస్తే మరీ మంచిది. వాటన్నిటినీ కలిపి తర్వాతి వ్యాసంలో పెడతాం.