మస్కి శిలయు, దేవానాంప్రియ శబ్దమును

కృష్ణా తుంగభద్రల నడుమ, రాయచూరు మండలమున, లింగసుగూరునుండి సింధనూరునకు పోవు మార్గముపై మస్కి యను ఊరు కలదు. చుట్టును నల్లరేగడి నేల. ఆ నేలనుండి అక్కడక్కడ లేచి నిలిచిన రాతిగుట్టలు. కొలది దూరమున హట్టి బంగారు గనులు. ఆ ప్రాంతమున బంగారముకొరకు పూర్వులు త్రవ్వి విడిచిన గుంతలను వెదకుచు తిరిగిన గనుల ఇంజనీరు బీడన్ అను ఆంగ్లేయుడు, 1915 జనవరిలో, ఊరి గుట్టపై నొక గుహలోని బండమీద ప్రాచీనలిపిని చూచెను. అప్పటికి మస్కి నిజాము ఏలుబడిలోనిది. హైదరాబాదు రాజ్యపు పురావస్తుశాఖ అంతకు ముందటి యేడే గులాం యజ్దానీ ఆధిపత్యమున ఏర్పడి యుండెను. అది వెలువరించిన గ్రంథమాలలో మొదటి సంపుటముగా, శాసనశాస్త్రవేత్త హెచ్. కృష్ణశాస్త్రి పరిష్కరణముతో, ఈ శాసనము ఆ సంవత్సరమే లోకమునకు తెలియవచ్చినది.

మస్కి అంతకుముందే పండితులకు బొత్తిగా తెలియని చోటు కాదు. రాబర్ట్ బ్రూస్ ఫూట్ 19వ శతాబ్ది ఉత్తరార్ధముననే అక్కడ ప్రాచీన వస్తువులను ఏరినాడు. తరువాత 1954లో బి. కె. థాపర్ త్రవ్వించి, నవీనశిలాయుగమునుండి మధ్యయుగమువరకు జనులు ఒకరివెనుక నొకరు నివసించిన పొరలను వెలికి తీసినాడు. అయినను ఊరిపేరు చరిత్రగ్రంథములలో స్థిరపడినది ఆ గుహలోని కొలది పంక్తుల వలననే. వానిలోను, నా దృష్టిలో, మొదటి రెండు మాటల వలననే.

ఆ రెండు మాటలు 'దేవానంపియ' అనునదియు 'అసోక' అనునదియు. ఈ జోడింపు ఎంత విలువైనదో గ్రహింపవలెనన్న, శతాబ్దికి పైగా వెనుకకు పోవలెను. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీలిపిని చదువగలిగినప్పుడు, స్తంభములమీదను శిలలమీదను అడుగడుగున కనబడిన రాజు తన్ను 'దేవానంపియ పియదసి' అనియే చెప్పుకొనెను. స్వనామము నెక్కడను చెప్పలేదు. దేవతలకు ప్రియుడైన ఈ ప్రియదర్శి యెవడు? సింహళరాజైన దేవానంపియ తిస్సుడేమో యని ప్రిన్సెప్ మొదట తలచెను. సింహళమున ఉద్యోగియై పాలిగ్రంథములను చదువుచుండిన జార్జ్ టర్నర్, దీపవంశమున చంద్రగుప్తుని పౌత్రుడును బిందుసారుని పుత్రుడునగు అశోకునకే ప్రియదర్శి యను పేరున్నదని చూపి ఆ చిక్కు విప్పెను. ఆ నిర్ణయము సరియైనదే. కాని అది గ్రంథసాక్ష్యముమీద నిలిచినది, శిలాసాక్ష్యముమీద కాదు. గిర్నారులో రుద్రదాముని సంస్కృతశాసనము మౌర్యుడైన అశోకుని స్మరించినను, ఆ మౌర్యుడును ఈ దేవానాంప్రియుడును ఒక్కడేయని చెప్పలేదు. మస్కిలోని బండ ఆ పని చేసినది. బిరుదమును పేరును ఒకచోట నిలిపి, దాదాపు ఎనుబది యేండ్ల ఊహను నిశ్చయముగా మార్చినది. ఆ శాసనమున రాజు తాను బుద్ధశాక్యుడనై రెండున్నర సంవత్సరములకు పైగా అయినదనియు, ధర్మమునందు యత్నించినచో గొప్పవాడే కాదు, అల్పుడును ఆ ఫలమును పొందగలడనియు చెప్పుకొన్నాడు.

అయితే నన్ను చిరకాలముగా ఆకర్షించినది ఆ పేరుకన్న ఆ బిరుదమే. ఇంత గౌరవముతో శిలలమీద చెక్కబడిన మాట, సంస్కృతపాఠశాలలో సిద్ధాంతకౌముది యను వ్యాకరణగ్రంథము చదివిన విద్యార్థికి మూర్ఖుడను అర్థమున పరిచితమగుట విచారింపదగిన విషయము. మాటల చరిత్రలో ఇంతటి పతనము అరుదు. ఆ పతనమునకు సాధారణముగా చెప్పు కారణము సత్యము కాదని నా నమ్మకము.

అశోకుని కాలమున ఈ మాటకున్న స్థానమును ఆయన శాసనములే నిస్సందేహముగా తెలుపుచున్నవి. ఎనిమిదవ శిలాశాసనమున పూర్వపు రాజుల విహారయాత్రలను గూర్చి చెప్పునప్పుడు, గిర్నారు ప్రతిలో 'రాజులు' అను మాట యున్నచోట, కాల్సీ, షహబాజ్‌గఢీ, మాన్‌సెహ్రా ప్రతులలో 'దేవానాంప్రియులు' అని యున్నది. అనగా ఆ కాలపు లేఖకులకు ఈ రెండును పర్యాయపదములే. అశోకుని పౌత్రుడు దశరథుడు నాగార్జునీ గుహలలో ఈ బిరుదమునే ధరించినాడు; సింహళపు తిస్సుడును ధరించినాడు. రాజులకే పరిమితమా యన్న, అదియు కాదు. జైనుల అర్ధమాగధీ ఆగమములలో 'దేవాణుప్పియ' అనునది సర్వసామాన్యమైన సంబోధన: రాజు సేవకుని అట్లే పిలుచును, భర్త భార్యను అట్లే పిలుచును, గురువు శిష్యుని అట్లే పిలుచును. దీనిని గుర్తుంచుకొనవలెను. రాజబిరుదము వీధిలోని మర్యాదామాటగా వ్యాపించినది. అట్లు వ్యాపించిన మాటకు ఏ గతి పట్టునో ముందు చూతము.

వ్యాకరణశాస్త్రమున కథ ఇట్లున్నది. సమాసము చేయునప్పుడు ముందరిపదమునకు గల షష్ఠీవిభక్తి లోపించుట నియమము. నిందయందు ఆ విభక్తి లోపింపదని పాణిని ఒక సూత్రము చేసెను. దొంగకులమువాడని తిట్టు మాట దానికి ఉదాహరణము. కాత్యాయనుడు ఆ సూత్రము క్రింద కొన్ని మాటలను చేర్చుచు, వానిలో దేవానాంప్రియ శబ్దమును గూడ ఎత్తినాడు. ఇంతమాత్రముననే, ఆ మాట నాటికే తిట్టయినదనియు, బౌద్ధుడైన చక్రవర్తిపై వైదికపండితులకు గల ద్వేషమే దానికి మూలమనియు అనేకులు వ్రాసినారు. కాని కాత్యాయనుడు దానితోపాటు చేర్చిన మాటలను చూడుడు. కాశీరాజైన దివోదాసుని పేరు అందున్నది. ప్రసిద్ధవంశమున పుట్టినవాడను అర్థమున్న 'ఆముష్యాయణ' శబ్దము అందున్నది. శునశ్శేపుడను ఋషిపేరు అందున్నది. ఇవి తిట్లా? విభక్తి లోపింపని మాటలను, అవి నిందలైనను కాకపోయినను, ఆయన ఒకచోట ప్రోగు చేసినాడు, అంతే. మూర్ఖుడను అర్థము ఆయన వార్తికమున లేదు.

క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దివాడగు పతంజలి సాక్ష్యము ఇంకను విలువైనది. 'భవాన్', 'దీర్ఘాయుః', 'ఆయుష్మాన్' అను గౌరవవాచకములతో కలిపి ఈ మాటను ఆయన ఒక పట్టికలో చేర్చినాడు. మరియొకచోట మహాభాష్యమున ఒక కథ చెప్పినాడు. ఒక వైయాకరణుడు రథముపై వచ్చు సారథిని జూచి, ఈ రథమునకు 'ప్రవేత', అనగా తోలువాడు, ఎవరని యడిగెను. అందుకు సారథి, అయ్యా, నేనే 'ప్రాజిత'నని బదులు చెప్పెను. వైయాకరణుడు అది అపశబ్దమని కసరెను. అందులకు సారథి, దేవానాంప్రియులకు సూత్రముచే ప్రాప్తించు రూపము తెలియును గాని లోకము కోరు రూపము తెలియదనెను. ఈ దుష్టసూతుని బాధ పడలేకున్నామని వైయాకరణుడు తిట్టబోయి, ఆ తిట్టులోనే తప్పు రూపము వాడెను. సారథి ఆ రూపమునుగూడ దిద్ది, నిందింపదలచినచో సరియైన రూపమిదియని చూపెను.

శాస్త్రగ్రంథము నడుమ ఇంతటి ప్రాణము గల కథ సంస్కృతమున నాకు తెలిసినంతలో కొలదిగనే కలదు. తన శాస్త్రముకన్న జనవ్యవహారమునకే పెద్దపీట వేసిన పతంజలి ఔదార్యము దీనిలో కానవచ్చుచున్నది. మనకు కావలసినది సారథి నోటిమాట. అతడు పండితుని దేవానాంప్రియుడన్నది మర్యాదతోనే. కాని ఆ మర్యాద వెంబడి వచ్చిన వాక్యము పండితుని అజ్ఞానమును ఎత్తిచూపు వాక్యము. మెత్తని సంబోధన, దాని వెనుక పదునైన ఖండనము. ఆ మాట జారుట మొదలైన చోటు ఇదియే యని నాకు తోచుచున్నది.

తరువాతి కాలమున జరిగినదంతయు ఈ సారథి మార్గముననే జరిగినది. వాదసభలో ప్రతివాదిని అవమానకరముగా పిలువరాదు. గౌరవముతో పిలిచి, పిమ్మట అతని పక్షమును ఖండింపవలెను. శంకరాచార్యులు బ్రహ్మసూత్రభాష్యమున ఒకచోట, ముందుగా ఈ దేవానాంప్రియుని ఈ ప్రశ్న నడుగవలెనని పూర్వపక్షిని నిలువరించినారు. 11వ శతాబ్దిలో మమ్మటుడు తాత్పర్యమెరుగక తాత్పర్యమును గూర్చి మాటలాడు వారిని ఆ మాటతోనే పేర్కొన్నాడు. ఓడిపోవువానికి మాత్రమే లభించు గౌరవము ఎన్ని తరములు గౌరవముగా నిలుచును? 12వ శతాబ్దిలో హేమచంద్రుడు తన నిఘంటువున దానిని మూర్ఖపర్యాయములలో చేర్చినాడు. చేర్చినవాడు జైనుడు, తన ఆగమములలోనే అది ప్రేమపూర్వకమైన పిలుపని ఎరిగినవాడు. 17వ శతాబ్ది ప్రాంతమున భట్టోజిదీక్షితులు సిద్ధాంతకౌముదిలో కాత్యాయన వార్తికమునకు మూర్ఖార్థమును జోడించి పాఠము స్థిరపరచినారు. కౌముది దేశమంతట పాఠ్యగ్రంథమైనందున ఆ చిన్న చేర్పే ప్రాచీనపాఠమన్న భ్రమ కలిగినది.

మతద్వేషమే కారణమైనచో, 7వ శతాబ్దిలో బాణభట్టు హర్షచరితమున ఈ మాటను గౌరవార్థమున ఎట్లు వాడగలిగెను? అశోకుని తరువాత తొమ్మిది వందల యేండ్లకు, బ్రాహ్మణకవి చేతిలో, మాట ఇంకను నిర్మలముగనే యున్నది. ద్వేషము వలన చెడిన మాట ఎట్లుండునో చూడదలచినవారు అదే అశోకశాసనములలోని 'పాసండ' శబ్దమును చూడవచ్చును. పండ్రెండవ శిలాశాసనమున సమస్త సంప్రదాయములను సమముగా గౌరవింపుడని చెప్పుచు ఆయన వాడిన మాట అది. ఆనాడు దానికి మతశాఖ యనియే అర్థము. తరువాతి స్మృతిపురాణములలో అది 'పాషండు'డై, వేదబాహ్యుడను నిందగా కరడుగట్టినది. అచట కలహమున్నది. దేవానాంప్రియ శబ్దముది వేరు దారి. దానిని చెరచినది అతిపరిచయమును వాదచాతుర్యమును.

ఆంగ్లభాషలోను ఇట్టి కథ యొకటి కలదు. అదియు మన దేశమునుండి పోయినదే. అరబ్బీలో ప్రతినిధియని అర్థము గల 'నాయబ్' అను మాటకు బహువచనమైన 'నవాబు', మొగలు పాలనమున గౌరవార్థమున ఏకవచనముగా చెల్లి రాజప్రతినిధుల బిరుదమైనది. 18వ శతాబ్దిలో కంపెనీ కొలువుచేసి, బంగాళమునను కర్ణాటకమునను ధనము మూటగట్టుకొని స్వదేశము చేరిన ఆంగ్లేయులను వారి దేశీయులే 'నేబాబు'లని ఎగతాళి చేయసాగిరి. 1772లో శామ్యూల్ ఫూట్ ఆ పేరుతోనే లండనులో ఒక ప్రహసనము ఆడించెను. క్లైవు ఐశ్వర్యముపై పార్లమెంటులో విచారణ జరిగిన దినములవి. ఈ మాట పతనమునకు కారణము అసూయ, అన్యాయార్జనముపై కోపము. ఆ కోపము న్యాయమైనదే. అదే కాలమున దక్కనులో నవాబు బిరుదము ఏ మాలిన్యమును లేక వెలిగినది. మస్కి గుట్ట నిజాము ఏలుబడిలో నున్నంతకాలము వెలుగుచునే యుండెను. ఒక్క బిరుదమే ఒకచోట పరిహాసము, మరొకచోట పదవి. తెలుగువారమును పనిచేయక కూర్చున్నవానిని నవాబనుచున్నాము. మేల్కొన్నవాడు, జ్ఞానియను అర్థము గల 'ప్రబుద్ధుడు' మన నోట తప్పుడు పని చేసినవాడైనాడు. చక్రవర్తులకు చెల్లిన మహారాజరాజశ్రీ మన తాతల కాలమునకు 'మ.రా.రా.శ్రీ' యై ఉత్తరముల తలకట్టున చేరినది. అయినను అది నింద కాలేదు. అన్ని బిరుదములకును ఒకే గతి పట్టదు.

మస్కి తరువాత అశోకుని పేరు మరికొన్ని చోట్ల దొరకినది. 1954లో మధ్యప్రదేశమున గుజర్రాయందు దేవానాంప్రియ, ప్రియదర్శి, అశోకరాజ శబ్దములు మూడును కలిసి కనబడినవి. 1970ల చివర బళ్లారి మండలమున తుంగభద్రాతీరపు నిట్టూరు, ఉడేగోళములలో ఆ పేరు బయటపడినది. భీమాతీరమున సన్నతి చెంత కనగనహళ్లి స్తూపమున రాజు రాణితో నిలిచిన శిల్పము క్రింద 'రాయ అసోకో' యని వ్రాసి యున్నది. మన కర్నూలు మండలపు ఎఱ్ఱగుడి, రాజులమందగిరి శాసనములలో మాత్రము బిరుదమే యున్నది, పేరు లేదు. అచట ఆ బిరుదమును చదువువారు కౌముదిలోని అర్థమును ప్రక్కనుంచి, బాణుని అర్థముతో చదువవలెనని నా మనవి. ఎఱ్ఱగుడి బండ చెక్కిననాటికి దానికి వేరొక అర్థము పుట్టియే యుండలేదు.