ముదునూరు పంక్తి

రాబర్ట్ ఓవెన్ 1825లో అమెరికాలోని ఇండియానాలో న్యూ హార్మొనీ అనే ఊరిని ఊరికి ఊరే కొన్నాడు. ఉమ్మడి ఆస్తి, ఉమ్మడి శ్రమ, పిల్లలందరికీ ఒకే చదువు అన్నాడు. ఆ ఊరి తొలి నియమావళి అందర్నీ రమ్మంటూనే నల్లవాళ్లను మాత్రం సభ్యులుగా వద్దంది. రెండేళ్లు గడిచేసరికి ఊరు చెదిరిపోయింది. ఆనాటి ఆదర్శ గ్రామాల గురించి ఎప్పుడు చదివినా నా మనసు ఆ మినహాయింపు దగ్గరే ఆగిపోతుంది. నూరేళ్లు దాటాక మన కృష్ణా జిల్లాలో వెలిసిన ఒక చిన్న ఆవాసం, సరిగ్గా ఆ వెలి దగ్గరే పని మొదలుపెట్టింది మరి.

1940 ఆగస్టు 10న ఉయ్యూరు దగ్గర ముదునూరులో గోరా, సరస్వతి దంపతులు నాస్తిక కేంద్రం పెట్టారు. గోరా అంటే గోపరాజు రామచంద్రరావు, వృక్షశాస్త్రం చెప్పిన మేష్టారు. జంధ్యం వేసుకోనన్నందుకు 1928లో తండ్రి ఇల్లు విడిచారు. నాస్తికుడన్నందుకు 1933లో కాకినాడలో కొలువు పోయింది, తర్వాత బందరులోనూ పోయింది. సరస్వతి పదేళ్లకే పెళ్లయిన అమ్మాయి. గర్భిణులు గ్రహణం చూడకూడదంటారు కదా, ఆమె కడుపుతో ఉండగా బయటికొచ్చి చూశారు. నూరు ఉపన్యాసాల కన్నా ఆ చూపు గొప్పదని నా నమ్మకం.

ముదునూరులో వయోజనులకు అక్షరాలు దిద్దించారు. నిప్పుల మీద నడక దైవమహిమేమీ కాదని నడిచి చూపించారు. అన్నిటికన్నా కష్టమైంది సహపంక్తి భోజనం. దేవుడున్నాడా లేడా అని అరుగు మీద తెల్లవార్లూ వాదించుకోవచ్చు, ఎవరికీ ఏ నష్టమూ లేదు. మాలపల్లి, మాదిగపల్లి వాళ్ల పక్కన విస్తరి వేసుకుని కూర్చుంటే మాత్రం చుట్టరికాలే తెగిపోతాయి. ఆ ఇంటి పిల్లల పేర్లలో కులం గానీ దేవుడు గానీ కనిపించవు. ఉప్పు సత్యాగ్రహం నాటి కొడుకు లవణం. యుద్ధమేఘాలు కమ్మిన 1939లో పుట్టినవాడు సమరం. తొమ్మిదో సంతానం నౌ.

పెద్దమ్మాయి మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్లి అనుకున్నప్పుడు గాంధీజీ సేవాగ్రాంలో తానే జరిపిస్తానన్నారు. రెండేళ్లు ఆగమన్నారు. నాస్తికుల పెళ్లి గనుక ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు ఉంచడానికీ ఒప్పుకున్నారు. గడువు తీరేలోగా, 1948 జనవరి 30న, ఆయన్ని చంపేశారు. మార్చిలో పెళ్లి సేవాగ్రాంలోనే జరిగింది.

అప్పటికే, 1947లో, కేంద్రం బెజవాడ పటమటకు మారింది. 1960లో 'గబ్బిలం' కవి జాషువా కూతురు హేమలత, లవణం భార్యగా ఆ ఇంట అడుగుపెట్టారు. 1970లలో భార్యాభర్తలిద్దరూ బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం దారి పట్టారు. అదీ ఒక సెటిల్మెంటే. పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన ఎరుకల కుటుంబాలను తెల్లదొరల ప్రభుత్వం కాపలా పెట్టి ఉంచిన ఊరు. ఆ ముద్ర చెరపడానికి హేమలత అక్కడ ఇల్లిల్లూ తిరిగారు.