ఒక్క యక్షరము: నికేయా వాదము

నేను ఉన్నత పాఠశాలలో చరిత్ర చెప్పుచుండిన దినములలో, రోమక సామ్రాజ్యపు పాఠము వచ్చినపుడెల్ల, బాలురను నవ్వించుటకు ఒక మాట చెప్పుచుంటిని. క్రీస్తుశకము 325వ సంవత్సరమున నికేయా పట్టణమున మూడువందల మంది క్రైస్తవాచార్యులు సభదీరి ఒక్క యక్షరము కొఱకు పోరాడిరని ఆ మాట. ఆంగ్ల చరిత్రకారుడగు గిబ్బను ఈ యక్షరపు తగవును పరిహాసముగా వ్రాసియుండుటచే నాకును ధైర్యము కలిగెను. బాలురు నవ్వెడివారు, గంట మ్రోగెడిది, పాఠము ముగిసెడిది.

ఒకనాడు ఒక క్రైస్తవ బాలుడు మాత్రము నవ్వలేదు. అతడు లేచి నిలుచుండి, "పంతులుగారూ, ఒక్క అక్షరం లెక్కలోది కాకపోతే, తెలుగు పరీక్షలో ఒక్క అక్షరానికి మార్కు ఎందుకు తగ్గిస్తారండీ?" అని వినయముగనే యడిగెను. నే నాతనిని కూర్చుండుమంటిని. అంతకంటె నాకు జవాబు తోచలేదు. ఇంద్రశత్రు శబ్దమున స్వరము తప్పుటచే సమాసము మారి, ఇంద్రుని చంపవలసిన వృత్రుడు ఇంద్రునిచేతనే చచ్చెనని చిన్ననాట గురువులయొద్ద చదువుకొన్నవాడను. అట్టి నేను పరుల యక్షరమును జూచి నవ్వుట న్యాయమా?

ఉద్యోగము విరమించిన పిదప తీరికగా ఆ చరిత్రను మరల చదివితిని. నా పాఠమున రెండు తప్పులున్నవని తెలిసెను. ఆ యక్షరపు తగవు నికేయా సభలో పుట్టినది కాదు. అది ముప్పదియేండ్ల తరువాతిది. ఇది మొదటి తప్పు. అసలు తగవు అక్షరమును గూర్చినదే కాదు. ఇది రెండవ తప్పు. ఈ రెంటిని సరిదిద్దుకొనుటయే నా నేటి ప్రసంగము.

వాదము పుట్టిన చోటు ఐగుప్తు దేశమందలి అలెగ్జాండ్రియా నగరము. అది మధ్యధరా సముద్రతీరమున గొప్ప రేవు, గొప్ప విద్యాస్థానము. 318 ప్రాంతమున అచ్చటి క్రైస్తవ దేవాలయములలో నొకదానికి గురువుగా నుండిన అరియసునకును, ఆ నగరపు బిషప్పగు అలెగ్జాండరునకును అభిప్రాయభేదము కలిగెను.

అరియసు నాస్తికుడు కాడు. క్రీస్తును పూజింపవలదన్నవాడును కాడు. దేవుని యేకత్వమును కాపాడవలెననియే అతని పట్టుదల. దేవుడు అజుడు, అనాది. కుమారుడో తండ్రివలన జనించినవాడు. జనించినదానికి ఆది యుండవలెను గదా! కావున కుమారుడు లేని స్థితి యొకటి యుండెననియు, అతడు సకలసృష్టికంటె ముందు దేవుని సంకల్పముచే కలిగెననియు, తక్కిన జగమంతయు అతని మూలముననే కలిగెననియు, అయినను అతడును సృష్టిలోనివాడే యనియు అరియసు బోధించెను. యోహాను సువార్తలో క్రీస్తు తండ్రిని తనకంటె అధికునిగా చెప్పిన తావును ప్రమాణముగా చూపెను. తన మతమును పద్యములలో గూర్చి "థాలియా" యను గ్రంథమును రచించెను. ఓడవారును, తిరుగలి విసరువారును, బాటసారులును పాడుకొనుటకై పాటలు కట్టెనని కూడ ప్రాచీనులు వ్రాసిరి.

అలెగ్జాండరును, ఆయనకు సహాయుడుగా నుండిన అథనేసియసు అను యువకుడును దీనిని ఒప్పుకొనలేదు. వారి ప్రశ్న వేఱు. మనుష్యుని రక్షించువాడెవడు? సృష్టిలోనివాడు తానే యొకనిచే నిలుపబడవలసినవాడు. అట్టివాడు ఇతరులను దేవునితో కలుపుట యెట్లు? మఱియు సృష్టిలోనివానిని పూజించుట విగ్రహారాధన యగును గదా! అట్లైనచో క్రైస్తవులు మొదటినుండి క్రీస్తునకు చేయుచున్న ప్రార్థన యంతయు దోషమగును. సూర్యుడున్నంత కాలము వెలుగున్నది; వెలుగు సూర్యునివలన కలిగినను సూర్యునికంటె వెనుక పుట్టినది కాదు. తండ్రీకుమారుల సంబంధమును అట్టిదేయని వారి సమాధానము.

ఈ రెండు పక్షములలో ఏదియు తేలికగా త్రోసివేయదగినది కాదని శ్రోతలు గమనింపవలెను. ఒకరు దేవుని యేకత్వమునకు హాని కలుగునని భయపడిరి. ఒకరు మనుష్యుని గతికి హాని కలుగునని భయపడిరి.

ఇంతలో రాజకీయము మారెను. అంతకు కొన్ని యేండ్లకు ముందు వఱకు రోమక ప్రభుత్వము క్రైస్తవులను చెఱలలో వేయించి, అంగములు ఖండించి, చంపించుచుండెను. 313లో వారికి స్వేచ్ఛ లభించెను. 324లో కాన్‌స్టంటైను చక్రవర్తి తన ప్రతిస్పర్ధిని ఓడించి సామ్రాజ్యమున కంతకును ఏకాధిపతి యయ్యెను. దేశ మొకటి కాగానే మత మిట్లు రెండుగా చీలుట ఆయనకు రుచింపలేదు. ఇది స్వల్పవిషయమనియు, ఇంత చిన్న మాటకై కలహింపవలదనియు ఆయన అలెగ్జాండరునకును అరియసునకును లేఖ పంపెను. నేను తరగతిలో చెప్పిన మాటను నాకంటె ముందు చక్రవర్తియే చెప్పెనన్నమాట! ఆ లేఖవలన కలహము చల్లారలేదు.

అంతట 325లో ఆయన నికేయాలో మహాసభ కూర్చెను. ఆ పట్టణమే నేటి తుర్కీ దేశమందలి ఇజ్నిక్. వచ్చిన బిషప్పులు 318 మంది యని సంప్రదాయము. 250కిని 300కును నడుమ నుందురని నేటి చరిత్రకారుల లెక్క. రాజశకటములలో, రాజుగారి వ్యయముతో వారు వచ్చిరి. వారిలో కొందఱి యొడలిపై వెనుకటి హింసలనాటి మచ్చలింకను ఉండెను. అట్టివారు ఒక పదము కొఱకు ఏల పట్టుపట్టిరో తెలిసికొనదగియున్నది.

సభలో మొదట గ్రంథస్థములగు మాటలతోనే నిర్ణయము వ్రాయజూచిరట. కుమారుడు దేవునినుండి కలిగినవాడందమా యనగా, అరియసు పక్షమువారు సమస్తమును దేవునినుండియే కలిగినది గదా యని సమ్మతించిరి. దేవుని ప్రతిరూప మందమా యనగా, మనుష్యుడును దేవుని ప్రతిరూపమే గదా యనిరి. ఏ మాట తెచ్చినను రెండర్థములు వచ్చుచుండెను. ఒకరినొకరు కనుసన్నలు చేసికొనిరని కూడ అథనేసియసు తరువాత వ్రాసెను. కావున రెండవ యర్థమునకు చోటీయని పదము కావలసివచ్చెను. ఆ పదము హోమోఊసియోస్. "హోమో" యనగా ఒకటే యైనది; "ఊసియా" యనగా సత్త, తత్త్వము. తండ్రితో ఒకే తత్త్వము గలవాడని సమాసార్థము.

ఈ పదము గ్రంథమున లేదు. పైగా 268లో అంతియొకయలో జరిగిన సభ వేఱొక సందర్భమున దీనిని నిరాకరించినదని వాడుక యుండెను. కొందఱు జంకుచునే చేవ్రాలు చేసిరి. కైసరయ బిషప్పగు యూసిబియసు తానేల ఒప్పుకొంటినో తన సంఘమునకు ప్రత్యేకముగా లేఖ వ్రాసి సమర్థించుకొనవలసివచ్చెను. తుదకు లిబియా దేశపు బిషప్పు లిద్దఱు మాత్రము ఒడబడలేదు. వారిని, అరియసును దేశమునుండి వెడలగొట్టిరి. అరియసు వ్రాతలను కాల్చవలెననియు, దాచినవానికి మరణదండన యనియు చక్రవర్తి యాజ్ఞాపించెను. అందుచేతనే నేడు అరియసు మాటలు చాలవఱకు ఆయన శత్రువుల గ్రంథములలోని తునకలుగనే దొరకుచున్నవి. మనకు చార్వాకుడు ఖండనగ్రంథములలోని పూర్వపక్షముగనే మిగిలినట్లు!

సభ ముగిసెను గాని వాదము ముగియలేదు. రాజుచే నిర్ణీతమైనది రాజు మనసు మారగానే మారెను. కొలదియేండ్లకే వెలివేయబడినవారు తిరిగివచ్చిరి. వెలివేసినవారికి వెలి తప్పలేదు. అథనేసియసు 328లో అలెగ్జాండ్రియా బిషప్పయ్యెను. ఆయన మృదుస్వభావుడు కాడు. ప్రత్యర్థులపై దౌర్జన్యము చేయించెనని ఆయనపై నేరములు మోపిరి. 373లో చనిపోవు వఱకు నలువదియైదేండ్ల పదవిలో ఐదుమారులు, నలుగురు చక్రవర్తుల కాలమున, సుమారు పదునేడేండ్లు ప్రవాసమున గడపెను. అరియసు 336లో కాన్‌స్టంటినోపులున మరణించెను. మరుసటియేట కాన్‌స్టంటైను మరణశయ్యపై బాప్తిస్మము పొందినది అరియసునకు మిత్రుడైన బిషప్పు చేతనే.

ఇక ఆ యక్షరము సంగతి. హోమోఊసియోస్ అన్నచో తండ్రియు కుమారుడును ఒక్క వ్యక్తియే యన్న యర్థము వచ్చునేమోయని అనేకులు శంకించిరి. అట్టివారు 358లో అంకిరా పట్టణమున కూడిరి. కుమారుడు తత్త్వమున తండ్రిని పోలినవాడని వారి మతము. దానికి హోమోయూసియోస్ అను పదము నిలిచెను. గ్రీకున రెండు పదములకును భేదము "అయోటా" యను మిక్కిలి చిన్న యక్షరము. ఇదియే నేను నవ్విన యక్షరము. వీరు అరియసు పక్షమువారు కారు. కుమారుడు సృష్టిలోనివాడని వారనలేదు. రాజసభలో బలము గలవారు ఈ రెండు పదములను త్రోసివేసి, "పోలినవాడు" అని మాత్రము చాలునని 360లో శాసనము చేయించిరి. తత్త్వమను మాటయే యెత్తవలదని దాని భావము.

అప్పుడు అథనేసియసు ఐగుప్తు ఎడారిలో తాపసుల నడుమ దాగియుండెను. ముప్పదియేండ్లు ఒక్క పదమునకై పోరాడిన ఆ మనుష్యుడు అచ్చటినుండి వ్రాసిన గ్రంథమున, నికేయా నిర్ణయమునంతయు ఒప్పుకొని ఆ యొక్క పదమునకు మాత్రము జంకువారిని శత్రువులుగా చూడరాదనియు, భావ మొకటే కావున సోదరులుగా మాటాడవలెననియు చెప్పెను. ఈ తావు చదివినపుడు నాకు పుస్తకము మూసి కొంతసేపు కూర్చుండవలసి వచ్చెను.

361లో రాజ్యమునకు వచ్చిన జూలియను క్రైస్తవమతమును విడిచినవాడు. వెలివేయబడిన బిషప్పులనందఱిని తిరిగి రానిచ్చెను. వారు తమలో తాము కలహించి నశింతురని ఆయన తలంపని ఆనాటి చరిత్రకారుడొకడు వ్రాసెను. జరిగినది వేఱు. 362లో అలెగ్జాండ్రియాలో ఇరువది మందికి కొంచెముగా మించిన బిషప్పులు కూడిరి. రాజశకటములు లేవు, రాజు లేడు. వారి ముందు మఱియొక పదపు తగవుండెను. దేవునియందు "హైపోస్టాసిస్" మూడని కొందఱును, ఒకటే యని కొందఱును అనుచుండిరి. నికేయా నిర్ణయమున ఈ పదము ఊసియాకు పర్యాయముగనే వాడబడెను. లాటినున దీనికి సరియైన అవయవార్థము గల పదము "సబ్‌స్టాన్షియా". కావున మూడన్నచో ముగ్గురు దేవుళ్లని పశ్చిమదేశస్థులకు వినబడెను. ఒకటన్నచో తండ్రి, కుమారుడు, ఆత్మ యనునవి ఒక్కనికే మూడు వేషములని తూర్పువారికి వినబడెను.

ఆ సభ చేసిన పని యిది. మూడన్నవారిని పిలిచి, ముగ్గురు దేవుళ్లని మీ భావమా యని యడిగిరి. కాదు, ఒక్కడే దేవుడు, అయినను మువ్వురును నిజముగ నున్నారని మా భావ మనిరి. ఒకటన్నవారిని పిలిచి, మూడు వేషములని మీ భావమా యని యడిగిరి. కాదు, ఒకే తత్త్వమని మా భావ మనిరి. ఇరువురును ఒకరి యర్థమును ఒకరు అంగీకరించిరి. ఎవరిని వెలివేయకుండ, ఏ పుస్తకమును కాల్చకుండ కొంత చిక్కు విడిపోయెను. తరువాత కప్పదొకియ దేశపు బేసిలు మొదలగువారు ఊసియా యొకటి, హైపోస్టాసిస్ మూడు అని రెండు పదములకును అర్థములు వేఱుపఱచిరి. 381లో కాన్‌స్టంటినోపులు సభ నికేయా నిర్ణయమును స్థిరపఱచెను. తెలుగునాట అనేక దేవాలయములలో తెలుగున పఠించు విశ్వాస ప్రమాణము ఆ పరంపరలోనిదే.

అంతటితో అంతయు చక్కబడెనని చెప్పను. అంతియొక సంఘమున చీలిక పిదపను చాలకాల ముండెను. 380లో థియొడోసియసు చక్రవర్తి మరల శాసనముచేతనే మతమును నిర్ణయింపజూచెను. అరియసు పక్షపు మతము గోతు జాతివారిలో నిలిచి, స్పెయిను దేశమున 589 వఱకు రాజమతముగ నుండెను. అయినను మూడువందల మంది రాజసభలో తేలని చిక్కులో కొంత భాగము, ప్రవాసమునుండి మరలి వచ్చిన ఇరువదిమంది ఒకరినొకరు "మీ భావమేమి?" అని యడుగుటచే తేలెనన్నది మఱువరాని సంగతి.

ఒక్క యక్షరము చిన్నది కాదు. దానిలో ఒక మనుష్యుని మోక్షచింత యంతయు ఇమిడియుండవచ్చును. అందుచేతనే అక్షరము భేదించినవానిని వెలివేయుటకు ముందు వాని యర్థము అడిగి తెలిసికొనవలెను. అక్షరమును చూచి నవ్వువాడును, అక్షరమునకై కొట్టువాడును అడుగని ప్రశ్న అదియే. నేనును ఆనాడు అడుగలేదు, కూర్చుండుమంటిని. ఆ బాలుడు ఇప్పుడెచ్చట నున్నాడో యెఱుగను. అతని ప్రశ్నకు నే నానాడు ఈయని యుత్తర మిది.