కానీ కార్డులో ఒంటి నలత

మన దేశంలో పోస్టుకార్డు 1879 జూలై 1న వచ్చింది. వెల కాలణా, జనం నోట ఒక కానీ. అత్తవారింట ఉన్న అక్కగారికీ, కాకినాడలో ఓడెక్కి కూలికో కొలువుకో రంగూను చేరిన తమ్ముడికీ మధ్య క్షేమసమాచారాన్ని చాలాకాలం మోసినది ఆ కార్డు ముక్కే. 1937 వరకు బర్మా బ్రిటిషు ఇండియాలో భాగం కనుక, సముద్రం దాటినా స్వదేశపు తపాలా ధరే వర్తించేది.

ఆ ఉత్తరాలు "ఉభయకుశలోపరి" అని మొదలవుతాయి. అందరమూ క్షేమమన్న వాక్యం ముగియగానే, అమ్మకు ఒంట్లో నలతగా ఉన్నదని ఉంటుంది. ఏ జబ్బు? రాయరు. వైద్యుడిగా నన్ను ఆలోచింపజేసేది ఈ మౌనమే. కార్డు దాపరికం లేని కాగితం. తపాలా బంట్రోతు చదువుతాడు, అరుగు మీద కూర్చున్నవారు చదువుతారు. చదువురాని ఇల్లాలికి చదివి వినిపించేదీ, ఆమె చెప్పగా రాసిపెట్టేదీ పంతులుగారో, పొరుగింటి బడిపిల్లవాడో. క్షయ అని రాస్తే ఇంట్లో ఆడపిల్ల పెళ్లి ఆగిపోతుంది. కుష్ఠు సంగతి చెప్పనే అక్కరలేదు. నెలల తరబడి రక్తస్రావంతో బాధపడే అక్క, పదేళ్ల కుర్రవాడి చేత తమ్ముడికి ఏమని రాయించగలదు?

చికిత్స విషయం ఇందుకు తలకిందులు. శొంఠి ఎంత, మిరియాలెన్ని, కషాయం ఎన్నో వంతుకు మరగాలి, పథ్యం ఎన్నాళ్లు, అన్నీ పూసగుచ్చినట్లు ఉండేవి. జలుబుకు శొంఠి కషాయం వల్ల నష్టం లేదు, గొంతుకు హాయి కూడా. రోజు విడిచి రోజు వణికించే మలేరియాను మాత్రం అది ఏమీ చేయలేదు. విచిత్రమేమంటే, దానికి తగిన మందూ తపాలా కచేరీకే వచ్చింది. 1892లో బెంగాల్‌లో ఐదు గ్రెయిన్ల క్వినైన్ పొట్లాలను ప్రభుత్వం పోస్టాఫీసులలో అమ్మించింది. పొట్లం వెల కూడా కార్డు వెలే, ఒక కానీ. ఒక్క పొట్లంతో జ్వరం వదలదనుకోండి, వరుసగా కొన్నాళ్లు వాడాలి.

కలరాకు కార్డు వేగం చాలదు. రోగి గంటలలో దాటిపోవచ్చు. తమ్ముడు రాసిన చిట్కా చేరేసరికి పెద్దకర్మ కూడా అయిపోయేది.

మరొక ఆచారం ఉంది. మామూలు కార్డులను తీగకు గుచ్చి ఏళ్ల తరబడి దాచేవారు. చావు కబురు తెచ్చిన కార్డును మాత్రం చదివి చింపివేసేవారు, ఇంట్లో ఉంచరు. నలత అన్న మాట మిగిలింది, ఆ నలత ఎటు పోయిందో చెప్పే కాగితం మిగలలేదు.

ఉద్యోగకాలంలో రోగులను నేను తప్పక అడిగే ప్రశ్న, మీ ఇంట్లో ఇంకెవరికైనా జబ్బులున్నాయా అని. "మా మేనత్త ఏదో జబ్బు చేసి పోయిందటండీ, నలభై దాటలేదట" అనే తరహా జవాబే ఎక్కువగా వచ్చేది. ఆ ఏదో జబ్బు రొమ్ము క్యాన్సరో, గుండెజబ్బో, మధుమేహమో తెలిసి ఉంటే, ఎదురుగా కూర్చున్న ఆ మేనకోడలికి ముందుగా ఏ పరీక్ష చేయించాలో నాకు తెలిసేది.