ప్రేక్షకుణ్ణి లెక్కగట్టిన తీరు: భారత టెలివిజన్ వ్యాపార చరిత్రలో ఒక అధ్యాయం

1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైన భారత టెలివిజన్‌లో పదహారేళ్లకు పైగా వాణిజ్య ప్రకటనలు లేవు. ఖర్చంతా ప్రభుత్వానిదే కనుక, తెర ముందు ఎందరు కూర్చున్నారన్న సంఖ్యకు అప్పట్లో అంగడి ధర ఏర్పడలేదు. ప్రేక్షకుణ్ణి ఎవరు, ఏ పద్ధతిలో, ఎవరి కోసం లెక్కపెట్టారన్నది గమనిస్తే, ఆయా కాలాల్లో కార్యక్రమాలు అలా ఎందుకు తయారయ్యాయో చాలావరకు బోధపడుతుంది.

తొలి విస్తృత పరిశీలన 'సైట్' అన్న పొట్టిపేరుతో ప్రసిద్ధమైన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగంలో జరిగింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఏడాదిపాటు వాడుకోనిచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ఉదయం బడిపిల్లల పాఠాలు, సాయంత్రం వ్యవసాయం, ఆరోగ్యం వంటి విషయాలు ప్రసారమయ్యాయి. కోళ్ల దొడ్లకు వాడే ఇనుప వలను గొడుగులా బిగించి చేసిన పదడుగుల యాంటెనా, ఒక సామూహిక టీవీ పెట్టె, దాని ముందు నేలమీద కూర్చున్న ఊరు: ఇదీ అప్పటి ప్రదర్శనశాల. కొన్ని గ్రామాల్లో మానవశాస్త్ర పరిశోధకులు నెలల తరబడి కాపురముండి, చూసినవారికి ఏమి అర్థమైందో, ఏమి కాలేదో రాసుకున్నారు. ప్రేక్షకుణ్ణి అంత శ్రద్ధగా, మనిషిగా గమనించిన కాలం మన టెలివిజన్ చరిత్రలో మళ్లీ రాలేదు.

ఆ ప్రయోగం సాగుతుండగానే, 1976 జనవరి 1 నుంచి దూరదర్శన్ ప్రకటనలు స్వీకరించడం మొదలుపెట్టింది. అయితే వ్యాపారం రూపు మారింది 1984 జులైలో వచ్చిన 'హమ్ లోగ్'తోనే. మెక్సికోలో కుటుంబ నియంత్రణ ప్రచారానికి వాడిన ధారావాహికల పద్ధతిని అనుసరించి, మనోహర్ శ్యామ్ జోషి రచనతో నడిచిన ఈ కథకు అప్పుడప్పుడే మార్కెట్లోకి వచ్చిన మ్యాగీ నూడుల్స్ ప్రాయోజకత్వం దక్కింది. ప్రాయోజకుడంటే కార్యక్రమం ఖర్చు భరించి, దూరదర్శన్‌కు ప్రసార రుసుము కట్టి, బదులుగా ప్రకటనలకు కొన్ని క్షణాల ఉచిత వ్యవధి పొందే సంస్థ. తొలి పదమూడు భాగాల్లో ప్రబోధం పాలు ఎక్కువై జనం పెదవి విరవడంతో కథను సరిదిద్దారు. ఆ తర్వాత ప్రేక్షకుల నుంచి వచ్చిన ఉత్తరాలు నాలుగు లక్షలు దాటాయి. 1988లో 'రామాయణం' పట్టాభిషేకంతో ముగియబోతుండగా, ఉత్తరకాండ కూడా చూపాలని జలంధర్ వంటి పట్టణాల్లో పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగారు. ఆ రోజుల్లో ప్రేక్షకుడు తన ఉనికిని తానే చాటుకోగలిగేవాడు.

1995లో ప్రైవేటు ఛానెళ్లు జెమిని, ఈటీవీ మొదలయ్యాక తెలుగులోనూ సమయం సరుకుగా మారింది. 'స్లాట్' పద్ధతిలో నిర్మాత ఛానెల్ నుంచి అరగంటను కొనుక్కుని, సీరియల్‌ను సొంత డబ్బుతో తీసి, తన వాటాకు వచ్చిన ప్రకటన వ్యవధిని తానే అమ్ముకోవాలి. రెండో పద్ధతిలో ఛానెలే ఎపిసోడ్‌కు ఇంతని చెల్లించి, ప్రకటనల రాబడి తాను ఉంచుకుంటుంది. ఏ పద్ధతిలోనైనా రోజువారీ సీరియల్ అచ్చంగా ఖర్చు లెక్కల మీద నిలబడినదే. ఒకే ఇంట్లో కథంతా నడవడం, ఒక్క మాటకు నలుగురి ముఖాలు వరుసగా చూపడం, నిన్నటి సన్నివేశం ఇవాళ మళ్లీ రావడం రచయితల చేతకానితనమని విమర్శకులు తేల్చేస్తుంటారు గాని, తక్కువ షూటింగుతో ఎక్కువ నిమిషాలు రాబట్టవలసిన అవసరం ఆ విమర్శల్లో కనిపించదు.

ఆ నిమిషాల ధరను నిర్ణయించేది రేటింగు. ఎంపిక చేసిన ఇళ్లలో టీవీకి 'పీపుల్ మీటర్' అనే యంత్రం అమరుస్తారు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో బటన్ ఉంటుంది, టీవీ ముందు కూర్చున్నవారు తమ బటన్ నొక్కాలి. 2015 నుంచి ఈ పని చేస్తున్న బార్క్ సంస్థ పద్ధతిలో, చెవికి వినపడని శబ్ద ముద్రను ఛానెల్ తన ప్రసారంలో కలిపితే, మీటర్ దాన్ని పసిగట్టి నమోదు చేస్తుంది. ఏ ఇంట్లో మీటర్ ఉందన్నది గోప్యంగా ఉంచడమే ఈ విధానానికి ఆయువుపట్టు. బార్క్ రాకముందే, 2001లో ముంబైలో అలాంటి ఇళ్ల జాబితా బయటపడింది. 2020 అక్టోబరులో, కొన్ని ఛానెళ్లను పెట్టి ఉంచేందుకు మీటర్ ఇళ్లవారికి డబ్బు ముట్టిందన్న ఆరోపణపై ముంబై పోలీసులు కేసు నమోదు చేశాక, వార్తా ఛానెళ్ల విడివిడి రేటింగులు 2022 మార్చి దాకా నిలిచిపోయాయి.

2020 నాటికి దేశంలో టీవీ ఉన్న ఇళ్లు సుమారు 20 కోట్లు, మీటర్లున్న ఇళ్లు సుమారు 44 వేలు. నమూనా చిన్నదైన కొద్దీ కొద్ది ఇళ్లను లోబరచుకున్నా ఫలితం మారిపోతుంది. ప్రాంతీయ భాషల ఛానెళ్లకు, పల్లె ప్రేక్షకులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. మీటర్ల సంఖ్యను 2022 చివరికల్లా లక్షకు పెంచాలని టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫారసు చేసింది. ఆ గడువు నాటికి లక్ష మీటర్లు సమకూరలేదు.