పది పాళ్లకు ఒక పాలు

కాఫీలో వేసుకునే చక్కెర లేని తీపి బిళ్లలో ఒకే పదార్థం ఉండాలా, రెండు మూడు కలిసి ఉండాలా? మధుమేహ రోగులను వేధించే ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు.

1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో, ఇరా రెమ్సెన్ ప్రయోగశాలలో పనిచేస్తున్న ఫాల్‌బర్గ్ శాకరిన్ తీపిని గుర్తించాడు. అది చక్కెర కంటే సుమారు 300 రెట్లు తియ్యన. కాని మింగిన తరువాత నాలుకపై చేదు మిగులుతుంది. 1937లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ స్వేడా బల్లపై పెట్టిన సిగరెట్టును తిరిగి నోట పెట్టుకుంటే తియ్యగా తగిలింది. (ప్రయోగశాలలో సిగరెట్టేమిటని నేటి విద్యార్థి ముక్కున వేలేసుకోవచ్చు!) అలా దొరికిన సైక్లమేట్ తీపి చక్కెరకు సుమారు 30 రెట్లే. దానికీ కొంత వెగటు ఉంది.

పది పాళ్ల సైక్లమేట్‌కు ఒక పాలు శాకరిన్ కలిపితే రెండింటి తీపీ సమానమవుతుంది, వెగటు తగ్గుతుంది. 1960లలో అమెరికా డైట్ పానీయాలను నడిపించింది ఈ మిశ్రమమే. వెగటు ఎందుకు తగ్గుతుందో మాత్రం 2017లో గాని తేలలేదు. శాకరిన్ మేల్కొలిపే చేదు గ్రాహకాలను సైక్లమేట్ అణచివేస్తుందనీ, సైక్లమేట్ మేల్కొలిపే గ్రాహకాన్ని శాకరిన్ అణచివేస్తుందనీ జర్మనీ శాస్త్రజ్ఞులు చూపారు.

చిక్కు కూడా ఆ కలయికలోనే వచ్చింది. 1969లో ఈ మిశ్రమాన్నే హెచ్చు మోతాదులో తిన్న 240 ఎలుకలలో 8 ఎలుకల మూత్రాశయంలో కణితులు కనిపించాయి. కొన్నిటికి సైక్లోహెక్సిలమైన్ అనే మూడవ పదార్థం కూడా పెట్టారు. జంతువులలో క్యాన్సర్ కలిగించే దేనినీ ఆహారంలో కలపరాదన్నది 1958 నాటి అమెరికా చట్టం. ఆ ఏడాదే సైక్లమేట్‌పై నిషేధం ప్రకటించారు, శాకరిన్ మిగిలిపోయింది. పరీక్షించింది జంటను, శిక్షించింది ఒకరిని! ఇది న్యాయమని నాకు తోచదు. 1985లో అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీ నివేదిక సైక్లమేట్ స్వయంగా క్యాన్సర్ కారకమనడానికి ఆధారం లేదన్నది. అయినా అక్కడ నిషేధం తొలగలేదు; యూరప్‌లో అనుమతి ఉంది. శాకరిన్‌కూ 1977లో బోను తప్పలేదు. దాని డబ్బాలపై హెచ్చరిక 2000లో గాని పోలేదు.

ఒంటి పదార్థానికి ఉన్న మేలు ఇదే: తేడా వస్తే దోషి ఎవరో తెలుస్తుంది. ఫినైల్‌కీటోన్యూరియా ఉన్నవారు ఆస్పర్టేమ్‌ను వదలాలి. అది మిశ్రమంలో ఉంటే చీటీ చదివితే తప్ప తెలియదు. మిశ్రమానికి ఉన్న మేలూ తక్కువది కాదు. రుచి బాగుంటుంది, ఒక్కొక్కటీ కొద్దిగానే లోనికి పోతుంది.

నేడు స్టీవియా పేరుతో అమ్మే పొడులలో ఆ ఆకు సారం చాలా స్వల్పం. దాని తీపి 200 రెట్లకు పైనే గనుక చెంచాతో కొలవడానికి బరువు కావాలి. ఆ బరువు ఎరిత్రిటాల్ అయితే కేలరీలు దాదాపు శూన్యం. డెక్స్‌ట్రోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్ అయితే మాత్రం రక్తంలో చక్కెర పెంచే సరుకే. కొనేముందు డబ్బా వెనుక చిన్న అక్షరాలలో మొదట రాసిన పేరు చూడండి, ఎక్కువ పాళ్లలో ఉన్నది అదే.